దాటవేసిన మెట్టు



2023 జనవరి నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ప్రక్క ఊరినుండి వచ్చు ఒక పెద్దమ్మగారు మా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకొన్నారు. “అయ్యగారూ, మీకు లివరు పాడైందంట గదా! మా మనమడు చెప్పాడు. మంచివాళ్లకే ఇట్లాంటివి వస్తాయి” అన్నారు. మేము నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియక నిలిచిపోయాము. మాకు పాడైనది లివరు కాదు, కుడి మోచేయి. అది పాడగుటకు కారణము మాత్రము లీవరు. ఈ రెండు మాటలకు తేడా ఒక్క దీర్ఘమే గనుక ఊరివారిని అనుటకు వీలు లేదు. ఆ మనమడు మా పెరటిలో మేము చేయు సాధనను చూచినవాడు. దాని పేరు ఇంటిలో సరిగానే చెప్పి యుంటాడు.

ఆ సాధన పేరు ఫ్రంట్ లీవర్. లీవరు అనగా మీట. బడి పుస్తకములలో తులాదండము అంటారు. ఎత్తుగా అడ్డముగా కట్టిన ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకొని వ్రేలాడుచు, మోచేతులు వంచకుండ, ముఖము ఆకాశమువైపు ఉండునట్లు, తలనుండి పాదములవరకు శరీరమంతయు నేలకు సమాంతరముగా గాలిలో నిలుపుట. చూచువారికి ఎవరో కనబడని మంచముమీద పండుకొన్నట్లుంటుంది. మన పెద్దలు తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసినవారే గాని ఇది మన పల్లెలకు క్రొత్త. నలభై దాటిన సంఘకాపరికి దీనితో ఏమి పని అని మీరు అడుగవచ్చును. ఆ సంగతి చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వేపచెట్టు క్రింద ఇనుప గొట్టము

మా పెద్దకుమారుడు 2020లో పదవ తరగతి. ఆ యేడు కోవిడ్ కారణముగా మన ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి పరీక్షలు రద్దై అందరును ఉత్తీర్ణులైరి. అప్పుడు వాడు, “నాన్నా, నాకు లెక్కలు అంతగా రావు. ఐ.టి.ఐ.లో చేరతాను” అన్నాడు. మేము వినలేదు. మా తోటివారి పిల్లలందరు ఎం.పి.సి. తీసుకొనుచుండగా మావాడు ఐ.టి.ఐ. అంటే మాకు చిన్నతనముగా తోచింది. ఇంటరులో చేర్పించాము. చదువు సగము ఇంటిలో ఫోనుమీదనే జరిగింది. 2021లో మొదటి సంవత్సరపు పరీక్షలు కూడ రద్దయ్యాయి. 2022లో రెండవ సంవత్సరపు పరీక్షలు నిజముగా జరిగినప్పుడు వాడు లెక్కలలోను భౌతికశాస్త్రములోను తప్పాడు.

ఆ దినమున మేము వానితో అన్న మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. “అందరి పిల్లలకు వచ్చినది నీకెందుకు రాలేదు?” అన్నది వాటన్నిటిలో మెత్తనిది. వాడు ఎదురు చెప్పలేదు. ఆనాటినుండి మాటలాడుటయే మానుకొన్నాడు. ఆగస్టులో జరిగిన సప్లిమెంటరీకి కూర్చుండలేదు. ఫలితముల మరునాడు దినపత్రికలలో వచ్చు వార్తలు మేమును చదివినవారమే. మా యింటివారికి రాత్రులు నిద్ర లేదు. వాడు పెరటిలోనికి వెళ్లిన ప్రతిసారి ఆమె వంటింటి కిటికీలోనుండి చూచుచుండేది.

ఒకనాడు వాడు పాత బోరుబావి గొట్టమును వేపచెట్టునకు, దాని ప్రక్కన పాతిన స్తంభమునకు గట్టిగా బిగించి కట్టాడు. తెల్లవారుజామున లేచి దానికి వ్రేలాడుచుండేవాడు. అది వ్యాయామమని తెలిసిన తరువాతనే మా యింటిలో ఊపిరి పీల్చుకొన్నాము. అయినను వానిని ఒంటరిగా విడువ మనస్కరింపక, నాలుగు రోజుల తరువాత మేమును ఆ గొట్టము క్రిందికి వెళ్లి, “నాకు కూడ నేర్పుతావా అబ్బాయీ?” అని అడిగాము. వాడు మమ్మును పైనుండి క్రిందికి చూచి, “లుంగీ మార్చుకొని రండి” అన్నాడు. రెండు నెలలలో మాతో వాడు పలికిన మొదటి పూర్తి మాట అదే.

గడ్డపార చెప్పిన సంగతి

వానికి తెలిసినదంతయు ఫోనులో చూచినది. క్రమము నేర్పినవారు మా ఊరి విశ్రాంత డ్రిల్లు మాస్టారు. ఆయన కళాశాల దినములలో జిమ్నాస్టిక్స్ చేసినవారు. ఒకనాటి ఉదయము మా పెరటి గోడమీదుగా చూచి, లోపలికి వచ్చి, మూలనున్న గడ్డపారను మాకు ఇచ్చారు.

“అయ్యగారూ, దీనిని నడిమికి పట్టుకొని అడ్డముగా ఎత్తండి.” ఎత్తాము. “ఇప్పుడు ఒక కొసను పట్టుకొని అడ్డముగా ఎత్తండి.” మణికట్టు వంగిపోయింది. “బరువు పెరిగిందా?” “లేదు మాస్టారూ.” “మరి పెరిగినదేమి?” “దూరము.”

“అంతే. ఇందులో కిటుకంతా అదే. మనిషి బరువులో ఇంచుమించు మూడవ వంతు రెండు కాళ్లదే. కాళ్లు చాచిన కొలది ఆ బరువు భుజమునుండి దూరమైపోతుంది. మోకాళ్లు ముడిచితే దగ్గరకు వస్తుంది. కాబట్టి బరువు తగ్గించుకోనక్కరలేదు, దూరమును కొంచెము కొంచెముగా పెంచుకోవలెను” అన్నారు.

ఇంకొక మాటయు చెప్పారు. ఈ సాధనకు బలము చేతులలోనిది మాత్రమే కాదు. చంకల క్రిందినుండి నడుమువరకు వ్యాపించిన వీపు కండరములు చాచిన చేతులను తొడలవైపు అదిమి పట్టవలెను. కడుపు కండరములు నడుము జారకుండ బిగించి ఉంచవలెను. శరీరము పూర్తిగా చాచినప్పుడు చేతులు భుజములకు సూటిగా పైన ఉండవు. ఏటవాలుగా నడుమువైపునకు వస్తాయి. శరీరపు బరువంతటికి మధ్యబిందువు కడ్డీకి సూటిగా క్రిందికి వచ్చి నిలుచుటయే దానికి కారణము.

మెట్లు

మాస్టారు మాకు చెప్పిన క్రమము ఇది. యౌవనస్థులకు ఉపయోగపడునని ఇక్కడ వివరించుచున్నాము.

మొదట సిద్ధపాటు. కడ్డీకి ఊరక వ్రేలాడి అర నిమిషమైనను నిలువగలగాలి. తరువాత మోచేతులు వంచకుండ భుజములను మాత్రము చెవులనుండి క్రిందికి లాగుట నేర్చుకోవాలి. గడ్డము కడ్డీని దాటునట్లు శరీరమును ఐదారు మారులు పైకి లాగుకొనగలగాలి. నేలమీద వెల్లకిల పండుకొని, నడుమును నేలకు అదిమి, భుజములను కాళ్లను కొద్దిగా పైకెత్తి పడవ అడుగువలె నిలువగలగాలి. ఇవి రానిదే మొదటి మెట్టు ఎక్కరాదు.

1. మోకాళ్లను రొమ్మునకు హత్తుకొని, వీపు నేలకు సమాంతరముగా వచ్చునట్లు నిలుచుట. వీపు గుండ్రముగా ఉన్నను తప్పు లేదు.

2. మోకాళ్లు ముడిచియుండగానే వాటిని రొమ్మునుండి దూరముచేసి, తొడలు ఆకాశమువైపు నిలువుగా ఉండునట్లు, వీపును పలకవలె చదును చేయుట. చూచుటకు మొదటిదానికి దీనికి జానెడే తేడా. చేయుటకు మాత్రము నెలల తేడా. ఎక్కువమంది ఆగిపోవునది ఇక్కడనే.

3. ఒక కాలు చాచి, రెండవ కాలు ముడిచి ఉంచుట. కాళ్లు మార్చుచు రెండు ప్రక్కల సమానముగా చేయవలెను.

4. రెండు కాళ్లు చాచి, వాటిని వెడల్పుగా విడదీయుట. వెడల్పు ఎక్కువైనకొలది పొడవు తగ్గుతుంది గనుక భారము తగ్గుతుంది. దినములు గడచినకొలది కాళ్లను దగ్గరకు తెచ్చుకోవలెను.

5. రెండు కాళ్లు కలిపి, శరీరమంతయు ఒకే గీతగా నిలుచుట.

వారమునకు మూడు దినములు చాలును. ఒక్కొక్క మారు పది సెకనుల చొప్పున ఆరు మారులు, అనగా మొత్తము ఒక నిమిషము నిలుచుట మా కొలత. మారు మారుకు మధ్య రెండు మూడు నిమిషములు విశ్రాంతి. ఆ నిమిషము తిన్నగా వచ్చువరకు పై మెట్టు ఎక్కరాదు. కదలక నిలుచుటవలన వచ్చు బలము ఎక్కువగా ఆ భంగిమకే పనికివస్తుంది. కాబట్టి అదే భంగిమలో నుండి మోచేతులు వంచి శరీరమును కడ్డీవైపు లాగుట, కాళ్లు పైకెత్తి తలక్రిందులుగా వ్రేలాడి అక్కడనుండి మెల్లగా దిగుట కూడ చేయవలెను. ఆసరా కావలసినవారు పాత సైకిలు ట్యూబును కడ్డీకి వేసి నడుము క్రింద పెట్టుకొనవచ్చును. మేము అటులనే చేశాము.

మేము మాస్టారును ఒకసారి, “ఇంత కష్టమైనది పోటీలలో ఎంత గొప్పదో గదా!” అన్నాము. ఆయన నవ్వి, పురుషుల పోటీలలో రింగులపై దీనిని రెండు సెకనులు కదలక నిలుపవలెననియు, అక్షరములతో గుర్తించిన కష్టస్థాయిలలో దీనిది ‘ఎ’, అనగా అన్నిటికన్న క్రిందిదనియు చెప్పారు. మాకు సంవత్సరములు పట్టునది వారికి మొదటి అక్షరము!

మేము చేసిన పొరపాటు

మా కుమారుడు సన్ననివాడు, యాభై నాలుగు కిలోలు. నవంబరునాటికి మూడవ మెట్టు ముగించి కాళ్లు విడదీయుట మొదలుపెట్టాడు. మేము రెండవ మెట్టులో ఏడు సెకనులు నిలుచుచున్నాము. డిసెంబరులో ఒక ఉదయము ఇద్దరు ముగ్గురు యౌవనస్థులు చూచుచుండగా మాలో ఏదో కదిలింది. కుమారుడు చేయుచున్నది తండ్రి చేయలేడా అనుకొని, మూడవ మెట్టును దాటవేసి, ఒక్కసారే రెండు కాళ్లు చాచాము. ఒక్క క్షణము నిలిచినట్లే తోచింది. అందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల కొరకు వారము దినములు అదే పని చేశాము. వానికి తెలియకుండ మోచేతులు కొద్దిగా వంచుచు, ఊపుతో ఎత్తుచు చేశాము. ఎనిమిదవ దినమున కుడి మోచేతి లోపలివైపు సూది గ్రుచ్చినట్లయినది. మరునాడు చెంబెడు నీళ్లు ఎత్తలేకపోయాము. మోటారు సైకిలు నడుపలేక మూడు గ్రామముల పరిచర్యకు ఆరు వారములు ఆటోలో వెళ్లవలసి వచ్చింది.

వైద్యులు పరీక్షించి చెప్పినది ఇది. కండరమును ఎముకకు కట్టు తాడువంటి భాగమును స్నాయుబంధనము అంటారు. కండరమునకు రక్తము బాగుగా అందుతుంది గనుక అది త్వరగా బలపడుతుంది. స్నాయుబంధనమునకు రక్తము తక్కువ. అది బలపడుటకు నెలలు పడుతుంది. కండరము ‘నేను సిద్ధము’ అను వేళకు ఈ తాడు ఇంకను సిద్ధపడదు. మెట్లు ఉన్నది ఆ తాడు కొరకే.

చేతికి కట్టుతో కూర్చున్న మమ్మును చూడ మాస్టారు వచ్చారు. “ఏ మెట్టునుండి ఏ మెట్టుకు పోయారు?” అని అడిగారు. చెప్పాము. “ఎవరు పొమ్మన్నారు?” “ఎవరూ అనలేదు. అబ్బాయి చేయుచున్నాడు గదా అని.” ఆయన కొంతసేపు ఊరకుండి, “ముప్పై యేండ్లు పిల్లలతో గడిపాను అయ్యగారూ. మోచేయి గనుక నొప్పి అని చెప్పింది. పిల్లలైతే చాలామంది అది కూడ చెప్పరు” అన్నారు.

ఆయన మా మోచేతిని గూర్చియే మాటలాడి యుండవచ్చును. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మావాడు చెప్పాడు. ‘నాకు లెక్కలు రావు’ అని వాడు నోరు తెరచి చెప్పాడు. మేమే వినలేదు. పరీక్షలు లేకుండ రెండు మెట్లు దాటివచ్చిన పిల్లవానిని, క్రింది మెట్టు గట్టిదో కాదో చూడక, నలుగురి చప్పట్ల కొరకు పై మెట్టుమీద నిలువబెట్టాము. పడిపోయినప్పుడు వానినే తిట్టాము. మా మోచేతికి మేమిచ్చిన ఆరు వారముల విశ్రాంతి వానికి ఇవ్వలేదు.

ఎనిమిదవ తరగతి పుస్తకము

మరునాటి సాయంకాలము వాడు గొట్టమునకు కట్టిన ట్యూబును విప్పుచుండగా ప్రక్కకు వెళ్లి నిలిచాము. సంఘములో మాటలాడు మాకు మాట రాలేదు. చివరకు, “అబ్బాయీ, పదవ తరగతి అయినప్పుడు లెక్కలు రావు అని నీవు చెప్పావు. నేను వినలేదు. తప్పు నాది” అన్నాము. వాడు ముడి విప్పుచునే యున్నాడు. “ముందు మీ మోచేయి సంగతి చూచుకోండి నాన్నా” అన్నాడు. కొంతసేపైన తరువాత, మా ముఖము చూడకుండ, “భిన్నాలు కూడ నాకు సరిగా రావు నాన్నా. ఎనిమిదో తరగతినుంచీ రావు” అన్నాడు.

అక్కడనుండియే మొదలుపెట్టాము. పదిహేడు దాటిన వానికి ఎనిమిదవ తరగతి లెక్కల పుస్తకము తెచ్చుట మాకు మొదట సిగ్గుగా నుండినది. వానికి సిగ్గు లేదు. మొదటి మెట్టు అంటే ఏమిటో వానికి అప్పటికే తెలిసియుండెను. డ్రిల్లు మాస్టారు చెప్పినట్లే, ఒక పాఠము తిన్నగా వచ్చువరకు రెండవది తెరువలేదు. 2023లో భౌతికశాస్త్రము ఒక్కటే వ్రాసి ఉత్తీర్ణుడైనాడు. లెక్కలకు ఇంకొక సంవత్సరము పట్టింది. 2024లో అవియు గట్టెక్కినవి. మార్కులు గొప్పవి కావు. తరువాత వాడు మొదట కోరిన ఐ.టి.ఐ.లోనే ఎలక్ట్రీషియను శిక్షణకు చేరాడు. ఇప్పుడు మాకు చిన్నతనము లేదు.

గొట్టముమీద సంగతి కూడ చెప్పవలెను. 2024 వేసవిలో ఒక ఉదయము వాడు రెండు కాళ్లు కలిపి, శరీరమంతయు ఒకే గీతగా, మూడు సెకనులు నిలిచాడు. మా యింటివారు వంటింటి కిటికీలోనుండి చూచుచునే యున్నది. ఈసారి ఆమె చూపు వేరు.

మా మోచేయి ఆరు వారముల విశ్రాంతి తరువాత వెంటనే బాగుకాలేదు. చిన్న నీళ్ల సీసా పట్టుకొని మణికట్టును మెల్లగా దించుచు, దినదినము కొద్దికొద్దిగా బరువు పెంచుచు ఐదు నెలలు గడిపాము. తరువాత మొదటి మెట్టునుండి మరల ప్రారంభించాము. ఇప్పుడు రెండవ మెట్టులో పది సెకనులు తిన్నగా నిలుచుచున్నాము. మూడవ మెట్టులో నాలుగు సెకనులు. ఐదవదానికి చేరుదుమో లేదో చెప్పలేము. పొడవైనవారికి, బరువైనవారికి అది మరింత కష్టము. తొందర లేదు.

ఒకటి రెండు హెచ్చరికలు

ఇది చదివి కడ్డీ కట్టదలచిన యౌవనస్థులారా, మొదట ఆ కడ్డీ ఇద్దరి బరువునైనను మోయునో లేదో చూచుకోండి. క్రింద ఇసుక పోయండి. భుజములు, మణికట్లు వెచ్చబడకుండ వ్రేలాడవద్దు. కండరము అలసట వేరు, కీలు దగ్గర సూది గ్రుచ్చినట్లుండు నొప్పి వేరు. రెండవది వచ్చిన దినమున దిగిపోండి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, ఊపిరి బిగబట్టి చేయు ఇటువంటి పనికి పూర్వము వైద్యుని తప్పక అడుగవలెను. చూచువారున్నప్పుడు క్రొత్త మెట్టు ఎక్కవద్దు.

తల్లిదండ్రులారా, మీకు చెప్పుటకు మాకు హెచ్చరిక ఏమియు లేదు, ఒక మనవి తప్ప. మీ పిల్లవాడు ఏ మెట్టుమీద నిలిచియున్నాడో ఒకసారి వానినే అడుగండి. అడిగిన తరువాత, జవాబు మీకు నచ్చకపోయినను, వినండి. మేము ఆ జవాబు వినుటకు రెండు సంవత్సరములును ఒక మోచేయియు పట్టినవి.